బండి కాల్చారా, ఇల్లు కాల్చబోయారా? మీ కేసంతా ఆ ఒక్క ముక్కలోనే ఉంది

మీరు రాసింది రెండుసార్లు చదివాను. మధురవాడలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, కింద స్టిల్ట్ పార్కింగ్. రాత్రి రెండు గంటలప్పుడు ఎవరో వచ్చి మీ బండి మీద పెట్రోల్ పోసి అంటించారు, పక్కనున్న రెండు స్కూటర్లు కూడా కాలిపోయాయి, మీటర్ బోర్డు కరిగింది, మెట్ల మీదుగా పొగ పైకి ఎగదన్నితే కిందకి దిగే దారిలేక అందరూ టెర్రస్ మీదకి పరిగెత్తారు. మీతో పార్కింగ్ గొడవ ఉన్న పక్క బిల్డింగ్ మనిషి మీద అనుమానం చెప్పారు. పోలీసులు బీఎన్‌ఎస్ (ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 326(ఎఫ్) కింద కేసు కట్టారు, అతను ఆ సాయంత్రానికల్లా స్టేషన్ బెయిల్ మీద బయటికొచ్చి మీ ఎదురుగానే టీ కొట్టు దగ్గర కూర్చుంటున్నాడు. "ఆర్సన్ అంటే యావజ్జీవం అని నెట్‌లో ఉంది, మరి ఇది ఆర్సన్ కాదా సార్?" అన్నది మీ ప్రశ్న.

ముందే చెప్పేస్తున్నా, నేను విశాఖ జిల్లా కోర్టులో 22 ఏళ్లుగా క్రిమినల్ కేసులే చూస్తున్నాను, అందులో ఎక్కువ ముద్దాయిల తరఫున. అంటే మీ కేసులో అవతలివాళ్లు నాలాంటి వాడి దగ్గరికే వెళ్తారు. అందుకని ఓదార్పు మాటలు పక్కన పెట్టి, అవతలి లాయరు ఎక్కడ చెయ్యి పెట్టి లాగుతాడో అదే చెబుతాను.

ఆర్సన్, అంటే కావాలని నిప్పుపెట్టడం అనే నేరానికి మన బీఎన్‌ఎస్‌లో గానీ, అంతకుముందు 1860 నాటి ఐపీసీలో గానీ విడిగా నిర్వచనం లేదు. మీరు నెట్‌లో చదివింది ఇంగ్లండ్, అమెరికా సరుకు. పాత ఇంగ్లిష్ కామన్ లాలో ఆర్సన్ కావాలంటే నాలుగూ కలవాలి: దురుద్దేశం ఉండాలి, కాలింది ఇల్లు అయ్యుండాలి, ఆ ఇల్లు ఇంకొకరిది అయ్యుండాలి, నిజంగా కాలాలి. పూర్తిగా బూడిద కానక్కర్లేదు, దూలం ఒక మూల బొగ్గయినా చాలు, కానీ గోడకి ఉత్త మసి పడితే చాలదు. సొంత ఇల్లు కాల్చుకున్నవాడు ఆ లెక్కలోకి రాడు. అసలు ఆ నేరం పుట్టిందే రాత్రిపూట ఇంట్లో పడుకున్న మనుషుల కోసం, ఆస్తి విలువ తర్వాతి మాట. పోనుపోను ఆ గిరి చెరిగిపోయింది. ఇంగ్లండ్‌లో 1971లో క్రిమినల్ డ్యామేజ్ చట్టం వచ్చి పాత ఆర్సన్‌ని రద్దు చేసి, నిప్పుతో ఏ ఆస్తిని పాడుచేసినా అది ఆర్సనే అంది, గరిష్ఠ శిక్ష యావజ్జీవం. మీకు కనబడిన యావజ్జీవం బహుశా అక్కడిదే అయ్యుంటుంది. అది మధురవాడలో చెల్లదు.

మన చట్టం మిస్చిఫ్ అనే దగ్గర మొదలవుతుంది. బీఎన్‌ఎస్ 324: ఎవరికైనా అన్యాయంగా నష్టం కలిగించాలని, లేదా నష్టం కలిగే అవకాశం ఉందని తెలిసి కూడా, ఆస్తిని నాశనం చేయడం, లేదా దాని విలువో ఉపయోగమో తగ్గేలా మార్చేయడం. రాయి పెట్టి కారు అద్దం పగలగొట్టినా మిస్చిఫే, టైర్లలో గాలి తీసేసినా మిస్చిఫ్ అని వాదించొచ్చు. దానికి నిప్పు తోడైతే 326కి వెళ్తుంది, అక్కడ మనకి కావాల్సినవి రెండు క్లాజులు. (ఎఫ్) అంటే నిప్పుతో గానీ పేలుడు పదార్థంతో గానీ ఏ ఆస్తికైనా, పంటతో సహా, డ్యామేజ్ చేయడం. ఏడేళ్ల వరకు జైలు, జరిమానా. (జి) అంటే అదే నిప్పుతో గుడి, మసీదు, చర్చి లాంటి ప్రార్థనా స్థలాన్ని, మనుషులు కాపురం ఉండే కట్టడాన్ని, లేదా సరుకూ సామానూ భద్రపరిచే కట్టడాన్ని నాశనం చేయాలనుకోవడం, లేదా నాశనమయ్యే అవకాశం ఉందని తెలిసి చేయడం. యావజ్జీవం లేదా పదేళ్ల వరకు. (ఎఫ్) బెయిలబుల్, అందుకే స్టేషన్‌లోనే వదిలేశారు, అందులో ఎస్ఐ గారు చేసిన తప్పేమీ లేదు. (జి) నాన్ బెయిలబుల్, సెషన్స్ కోర్టు విచారిస్తుంది. తేడా అంతా ఒక్క అక్షరం.

పాతవాళ్లకి ఇవి ఐపీసీ 435, 436గా తెలుసు. 2024 జూలై 1కి ముందు జరిగినవాటికి ఇప్పటికీ ఆ నంబర్లే నడుస్తాయి. 435లో ఒక తమాషా ఉండేది. మామూలు ఆస్తి అయితే 100 రూపాయల నష్టం, పంట అయితే 10 రూపాయల నష్టం చూపిస్తే చాలు. ఆ రోజుల్లో పది రూపాయలంటే ఏమో గానీ, నా చిన్నప్పటికే అది గడ్డివాములో రెండు మోపుల ఖరీదు. కొత్త చట్టం ఈ లెక్క తీసేసింది. పల్లెల్లో మాత్రం నిప్పు కేసులంటే ఇప్పటికీ గడ్డివాములూ, చెరకు తోటలూ, జీడి తోటలే. పట్నంలో బళ్లు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. (జి) చదివినవాళ్లలో చాలామంది, కొంతమంది లాయర్లు కూడా, బిల్డింగ్ కూలిపోతేనో బూడిదైతేనో ఆ సెక్షన్ అనుకుంటారు. వాక్యం మళ్లీ చదవండి. నిప్పుతో మిస్చిఫ్ చేయాలి, అది చేసేటప్పుడు కట్టడం నాశనం కావాలన్న ఉద్దేశమో, అవుతుందేమో అన్న ఎరుకో ఉండాలి. కట్టడం నిజంగా నాశనమై తీరాలని అక్కడ లేదు. మీ బండి కాలిన క్షణమే మిస్చిఫ్ పూర్తయింది. మిగిలింది ఒకటే ప్రశ్న, ఆ అగ్గిపుల్ల గీసినవాడి బుర్రలో బండి మాత్రమే ఉందా, బండి పైన ఉన్న ఇల్లు కూడా ఉందా? బండిని రోడ్డు మీదకి లాగి కాల్చుంటే ఇది కచ్చితంగా (ఎఫ్). మీటర్ బోర్డు కింద, పైకి వెళ్లే ఒకే ఒక్క మెట్లదారి మొదట్లో, పన్నెండు కుటుంబాలు నిద్రపోతున్న వేళ అంటిస్తే, "నాకు బండి ఒక్కటే కాలుతుందనిపించింది" అనడం అంత తేలిక కాదు.

తేలిక కాదు అన్నాను, కుదరదు అనలేదు. నేనే అవతల ఉంటే జడ్జిగారి ముందు ఇలా అడుగుతాను: "అయ్యా, ఇది సిమెంటు బిల్డింగు. మూడు టూవీలర్ల మంటకి నాలుగంతస్తులు నాశనమవుతాయని ఏ మామూలు మనిషికి తెలుస్తుంది? గోడ నల్లబడింది, సున్నం వేస్తే పోతుంది. డ్యామేజ్ వేరు, నాశనం వేరు." ఈ వాదనకి బలముంది. పెంకుటిల్లో తాటాకు పాకో అయ్యుంటే నేను ఇలా నోరు విప్పలేను. కాబట్టి (జి) పడి తీరుతుందని మీకు ఆశ పెట్టను. దానికి ఆధారం కావాలి, అది మీ దగ్గర ఉందనే నా అనుమానం, మీరు గమనించలేదు. చివర్లో చెబుతాను.

ఆ "తెలిసి" అన్న మాట దగ్గర ఇంకాస్త ఆగాలి, కేసులు గెలిచేదీ ఓడేదీ అక్కడే. 2023 నవంబర్ 19 రాత్రి మన విశాఖ ఫిషింగ్ హార్బర్ తగలబడింది కదా, పదుల కొద్దీ బోట్లు పోయాయి. మొదట అందరి వేళ్లూ ఒక యూట్యూబర్ వైపు తిరిగాయి, ఊరంతా వాడే పెట్టాడనేసింది. తర్వాత సీసీ కెమెరాలు చూసి పోలీసులు చెప్పింది పూర్తిగా వేరు: వేరే ఇద్దరు, బోటులో కూర్చుని మందు తాగారు, కాల్చి పారేసిన సిగరెట్ పీక పక్క బోటులో నైలాన్ వల మీద పడింది. పోలీసుల ఈ కథనమే నిజమనుకుని చట్టం లెక్కలో చూడండి. కోట్ల నష్టం, ఎన్నో కుటుంబాల కూడు పోయింది, అయినా ఎవరినో ముంచాలన్న ఉద్దేశం లేదు. ఉత్త అజాగ్రత్త అయితే అది బీఎన్‌ఎస్ 287, నిప్పు విషయంలో నిర్లక్ష్యం, ఆరు నెలల వరకు జైలు లేదా 2,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పెద్ద బోటుకి నిప్పంటించి నాశనం చేయాలనుకుంటే 327 కింద యావజ్జీవం దాకా వెళ్లొచ్చు. మంట అదే, బోటు అదే, శిక్షలో తేడా ఆరు నెలలకీ యావజ్జీవానికీ మధ్య ఉంది. ఎంత కాలింది అన్నది శిక్షని తేల్చదు, ఏం తెలిసి చేశాడు అన్నది తేలుస్తుంది.

తాగి చేశాను అంటే తప్పించుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. ఒకసారి గాజువాక వైపు కుర్రాడు ఒకడు నా ఆఫీసులో కూర్చుని "ఏటి సార్, మత్తులో ఉన్నాను, బండి కాల్తే ఇంత పెద్ద కేసా?" అన్నాడు. అవును, పెద్ద కేసే. బీఎన్‌ఎస్ 24 ప్రకారం తనంతట తాను తాగినవాడికి, తాగకపోతే ఏం తెలిసుండేదో అదంతా తెలిసినట్టే లెక్క. తాగనివాడికి పెట్రోల్ మీద నిప్పు పడితే ఏమవుతుందో తెలుసు కాబట్టి, వీడికీ తెలిసినట్టే. ఉద్దేశం సంగతి వేరు, దాన్ని చట్టం అలా ఊహించేసుకోదు, చుట్టూ ఉన్న పరిస్థితుల నుంచి తేల్చాలి. కానీ 326కి ఉద్దేశం లేకపోయినా ఎరుక చాలు కదా, అందుకే మందు వాదన ఇక్కడ పెద్దగా పనిచేయదు.

ఇంగ్లండ్‌లో ఈ విషయం మీద రెండు కేసులున్నాయి, లా చదివిన ఎవరిని అడిగినా చెబుతారు. ఒకటి మిల్లర్ కేసు, 1983. ఖాళీ ఇంట్లో తలదాచుకున్న మనిషి చేతిలో వెలిగించిన సిగరెట్‌తోనే నిద్రపోయాడు, మెలకువ వచ్చి చూస్తే పరుపు రాజుకుంటోంది. ఆర్పలేదు, ఎవరినీ పిలవలేదు, లేచి పక్క గదిలోకి వెళ్లి మళ్లీ పడుకున్నాడు. నిప్పు పెట్టింది నిద్రలో, అది నేరం కాదు; కానీ తన వల్ల పుట్టిన మంట కళ్లముందు కనబడుతుంటే వదిలేసిపోవడం నేరం అన్నారు. రెండోది 2003లో తేలింది. పదకొండు, పన్నెండేళ్ల పిల్లలిద్దరు ఒక షాపు వెనక న్యూస్‌పేపర్లు అంటించి చెత్తడబ్బా కింద పడేసి వెళ్లిపోయారు, అవే ఆరిపోతాయనుకున్నారు, షాపు అంటుకుని దాదాపు పది లక్షల పౌండ్ల నష్టం. పెద్ద మనిషికి తెలిసుండేది అన్నది కొలత కాదు, ఈ పిల్లలకి ఆ ప్రమాదం నిజంగా తట్టిందా అన్నదే చూడాలని చెప్పి శిక్ష కొట్టేశారు. ఇవి మన కోర్టుల్ని కట్టిపడేసే తీర్పులు కావు, కానీ తెలిసి అన్న మాట ఎంత లోతుకి వెళ్తుందో వీటిలో కనబడుతుంది. దీపావళికి మన వీధిలో తారాజువ్వ వెళ్లి ఎవరి పాక మీదో పడితే వచ్చే ప్రశ్న కూడా ఇదే.

ఎరుక ఇంకా ముదిరితే కేసు ఆస్తిని దాటి ప్రాణాల్లోకి వెళ్తుంది. 1993లో చిలకలూరిపేట దగ్గర ఆర్టీసీ బస్సు గుర్తుందా, మీ వయసు వాళ్లకి తెలియకపోవచ్చు, మీ నాన్నగారిని అడగండి. దోపిడీకని ఎక్కిన ఇద్దరు బస్సులో పెట్రోల్ పోసి అంటించారు, 23 మంది చనిపోయారు. వాళ్లకి కావాల్సింది డబ్బు. అయినా మనుషులున్న బస్సుకి నిప్పు పెడితే ఏమవుతుందో తెలియదనడానికి లేదు, హత్య కింద ఉరిశిక్ష పడింది, 1996లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది, ఆ తర్వాత రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. మోటివ్ వేరు, ఎరుక వేరు. మీ పక్కింటాయన మోటివ్ పార్కింగ్ గొడవే కావచ్చు, అది అంత చిన్నదే కావచ్చు, దాంతో ఎరుక చిన్నదైపోదు.

సొంత ఆస్తి కాల్చుకుంటే కేసు లేదనే మాట కూడా మన దగ్గర తప్పు. మిస్చిఫ్‌కి ఆస్తి ఇంకొకరిదే కానక్కర్లేదని 324 కింద వివరణలోనే రాశారు; ఇన్సూరెన్స్ చేయించిన ఓడని యజమానే ముంచేస్తే బీమా ఇచ్చినవాళ్లకి నష్టం కాబట్టి అది మిస్చిఫ్ అని ఉదాహరణ కూడా ఇచ్చారు. షాపు తనదే, సరుకు తనదే, క్లెయిమ్ కోసం తనే అంటించాడు అంటే 326తో పాటు చీటింగ్ సెక్షన్ కూడా పడుతుంది. బండి మీరే కాల్చుకున్నారని ఎవరో మీకే అంటగట్టే ప్రయత్నం చేస్తారేమో అన్న భయం మీ ప్రశ్నలో కనబడింది. మీ బండికి ఉన్నది థర్డ్ పార్టీ పాలసీ అన్నారు, దానికి కాలిన బండి డబ్బులు రావు, కాబట్టి మీకు లాభం అన్న వాదన అక్కడే చచ్చిపోయింది. ఆ పాలసీ కాపీ ఐఓ (దర్యాప్తు అధికారి) గారికి ఇచ్చేయండి.

ఇక సాక్ష్యం, ఇక్కడే నిప్పు కేసులు నీరుగారిపోతాయి. నిప్పు తన ఆధారాన్ని తనే తినేస్తుంది, మిగిలిందాన్ని ఫైర్ ఇంజిన్ నీళ్లు కడిగేస్తాయి, ఆ పైన వాచ్‌మన్ చీపురు పట్టుకుంటాడు. మా ఊరి వైపు ఒక గడ్డివాము కేసులో ముద్దాయి తరఫున నేనే ఉన్నాను. బూడిద శాంపిల్‌ని మామూలు పాలిథిన్ కవరులో వేసి, రబ్బరు బ్యాండు చుట్టి, బీరువా మీద పెట్టి, వారాల తర్వాత ల్యాబుకి పంపారు. పెట్రోల్, కిరోసిన్ ఆవిరి అలాంటి కవరులో నిలవదు, గాలి చొరబడని గాజు సీసాలోనో రేకు డబ్బాలోనో పెట్టాలి. ల్యాబు రిపోర్టులో ఏమీ రాలేదు, పంచులు (పంచనామా సాక్షులు) హోస్టైల్ అయ్యారు, అంటే మాట మార్చేశారు, నా మనిషి బయటపడ్డాడు. వాము పోయిన రైతు కోర్టు మెట్ల మీద నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. ఫీజు తీసుకున్నాను, అదీ గుర్తుంది.

మీ కేసులో ఇంకో చిక్కు. మీ ఫోటోలు చూశాను, నేల మీద హెడ్‌లైట్ ప్లాస్టిక్ బెల్లం పాకంలా కారి గడ్డకట్టింది, గోడ మీద మసి కింద సన్నగా మొదలై పైకి విచ్చుకుంటూ పోయింది, ఆ మొన ఉన్న చోట ప్లాస్టరింగ్ ఊడి ఇటుక కనబడుతోంది. మంట అక్కడ మొదలైందని అది చెబుతుంది. బాగానే ఉంది, కానీ అక్కడ పెట్రోల్ ఆనవాలు దొరికితే ఏం లాభం? బండిలోనే పెట్రోల్ ఉంది కదా! ట్యాంకు పగిలితే అదే కారుతుంది. "షార్ట్ సర్క్యూట్ అయ్యింది, ట్యాంకు అంటుకుంది" అని నేనైతే అరనిమిషంలో అనేస్తాను. పక్కన కాలిన స్కూటర్లలో ఒకటి ఎలక్ట్రిక్ అన్నారు, ఇంకా మంచిది నాకు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో చార్జింగ్ పెట్టిన ఈ-స్కూటర్ బ్యాటరీ పేలి మనిషి చనిపోయాడు, ఆ పేపర్ కటింగ్ తీసుకొస్తాను. అందుకని పెట్రోల్ ఉండకూడని చోట పెట్రోల్ దొరకాలి: గేటు వైపు చారలా కాలిన నేల, సగం కరిగిన వాటర్ బాటిల్ మూత, ముద్దాయి ప్యాంటు అంచు, వాడి చేతి మీద వెంట్రుకలు మాడిన గుర్తు. రెండు వేర్వేరు చోట్ల విడివిడిగా మంట మొదలైనట్టు కనబడినా అది చాలా బలమైన సంగతి, ప్రమాదం ఒకేసారి రెండు చోట్ల పుట్టదు. ఆ ఈ-స్కూటర్ ఆ రాత్రి చార్జింగ్‌లో లేదని దాని ఓనరు చేత స్టేట్‌మెంట్ ఇప్పించండి, ఈ ఒక్కటి నా కథని సగం కూల్చేస్తుంది.

సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 176(3)లో ఏడేళ్లు, ఆపైన శిక్ష ఉన్న నేరాలకి ఫోరెన్సిక్ నిపుణులు స్పాట్‌కి రావాలని ఉంది, దాన్ని అమల్లోకి తెచ్చే తేదీ మాత్రం రాష్ట్రాలు నోటిఫై చేసుకోవాలి, అందుకు ఐదేళ్ల గడువు ఇచ్చారు. క్లూస్ టీమ్ వచ్చిందా, ఏం తీసుకెళ్లింది, పంచనామాలో రాశారా, ఇవి ఎస్ఐ గారిని మర్యాదగా రాతపూర్వకంగా అడగండి. ఎఫ్ఐఆర్ కాపీ మీకు ఉచితంగా ఇవ్వాలి, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు చెప్పాలి, అదీ చట్టంలోనే ఉంది.

సీసీటీవీ మసకగా ఉంది, మొహం కనబడటం లేదని నిరాశపడ్డారు. మొహమే కనబడక్కర్లేదు. నడక, చెప్పులు, కుంటితనం, ఏ వైపు నుంచి వచ్చి ఏ వైపు పోయాడు, వీధి చివర మెడికల్ షాపు కెమెరాలో అదే షర్టు కనబడిందా, ముందురోజు ఏ బంకులో బాటిల్‌లో పెట్రోల్ పట్టించాడు, ఇవన్నీ గొలుసులా కలవాలి. ఒక్క లంకె తెగినా ముద్దాయి జారిపోతాడు. డీవీఆర్‌లో (కెమెరా రికార్డర్‌లో) పాత ఫుటేజ్ మీద కొత్తది రాసుకుపోతూ ఉంటుంది, కొన్నిచోట్ల రెండు వారాలకే పోతుంది, కాబట్టి ఈ రాత్రే వెళ్లి ఆ షాపులవాళ్లని బతిమాలుకోండి. ఫోన్‌లో స్క్రీన్‌ని వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టుకుంటే కోర్టులో నిలవదు. డీవీఆర్ లేదా సరిగ్గా తీసిన కాపీ, దాంతో భారతీయ సాక్ష్య అధినియమ్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, పాతవాళ్లు 65బి అంటారు, అదే.

ఎవరు చేశారో తేలకపోతే ఎంత పెద్ద మంటైనా వృథా. 2016 జనవరి 31న తునిలో మన రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ కాలుతుంటే రాష్ట్రమంతా టీవీలో లైవ్ చూసింది. రైలు కాలిందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అయినా 2023లో విజయవాడ రైల్వే కోర్టు నిందితులందరి మీదా కేసు కొట్టేసింది. నిప్పు పెట్టింది ఫలానా మనిషి అని చెప్పగలిగే సాక్ష్యం లేకపోతే టీవీ ఎంతసేపు చూపించినా జడ్జిగారు ఏం చేస్తారు?

మీరు అడగని విషయం ఒకటి. ఆ కరిగిపోయిన మీటర్లు ఎవరివి? అవి మన కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్‌వి అయితే, అది ప్రభుత్వ కంపెనీ, 1984 నాటి ప్రజా ఆస్తుల నష్ట నివారణ చట్టం సెక్షన్ 4 తగిలించమని అడగొచ్చు. నిప్పుతో అలాంటి ఆస్తిని పాడుచేస్తే కనీసం ఏడాది, గరిష్ఠంగా పదేళ్ల కఠిన కారాగారం. మీటర్ల సంగతి కూడా వాడికి తెలిసి ఉండాలన్న మెలిక ఇక్కడా ఉంటుంది, కానీ బోర్డు కిందే అంటించినవాడికి అది కనబడలేదనడం కష్టం. కరెంటు ఆఫీసులో ఏఈ గారి దగ్గర డ్యామేజ్ లెటర్ తీసుకోండి, పైసా ఖర్చు లేదు.

అసోసియేషన్ వాళ్లు రాజీ చేసుకోమంటున్నారన్నారు. రాజీ మీ ఇష్టం, కానీ 326(ఎఫ్) గానీ (జి) గానీ రాజీ చేసుకోదగ్గ నేరాల పట్టికలో లేవు. లోక్ అదాలత్‌లో చేతులు కలిపితే కేసు పోదు, హైకోర్టుకెళ్లి బీఎన్‌ఎస్‌ఎస్ 528 కింద కొట్టేయించుకోవాలి, అక్కడా ఇలాంటి తీవ్రమైన కేసు అయితే ఒప్పుకుంటారన్న హామీ లేదు. ముందు డబ్బులు తీసుకుని తెల్లకాగితం మీద సంతకం పెట్టారంటే మాత్రం, ఆ కాగితం క్రాస్ ఎగ్జామినేషన్‌లో మీ మొహం మీదే పెడతారు.

ఇప్పుడు చివర్లో చెబుతానన్నది. మీరు రెండో పేరాలో ఒక వాక్యం రాసి దాటేశారు: "వాచ్‌మన్ భార్య, పిల్లలు దగ్గుతూ వెనక గోడ వైపు నుంచి బయటికొచ్చారు." అంటే స్టిల్ట్‌లోనే వాచ్‌మన్ గది ఉంది. మీ ఫోటోలో మూలన కనబడుతున్న రేకుల తలుపు అదేనా? మీ బండికి అది నాలుగడుగుల దూరంలో ఉన్నట్టుంది, పైకప్పు సిమెంటు రేకు, చుట్టూ ప్లైవుడ్ చెక్క. నేను పైన చెప్పిన సిమెంటు బిల్డింగ్ వాదన ఆ గదికి వర్తించదు. అది మనుషులు కాపురం ఉండే చోటు, ఆ మంటకి నిజంగానే నాశనమయ్యే చోటు, పైగా పక్కింటాయన రోజూ ఆ గేటు ముందే నడుస్తాడు, లోపల ఒక కుటుంబం పడుకుంటుందని అతనికి బాగా తెలుసు. 326(జి)కి నాకు కనబడుతున్న దారి ఇదే. ఆ గది తలుపు ముందు మంట లేచిందని తేలితే 109, అంటే హత్యాయత్నం కూడా అడగొచ్చు, రెండూ నాన్ బెయిలబుల్. పన్నెండు ఫ్లాట్లవాళ్లూ తమ బళ్ల గురించే స్టేట్‌మెంట్లు ఇచ్చి ఉంటారు, ఆ గదిలో ఉన్నవాళ్లని ఎవరైనా అడిగారా? నాకు డౌటే.

రేపు చేయాల్సింది: గది తలుపు మాడిన ఫోటో స్కేలు పెట్టి తీయండి, బండి ఉన్న చోటు నుంచి తలుపుకి టేపుతో కొలిచి స్పాట్ ప్లాన్‌లో ఎక్కించమని ఐఓని అడగండి, సెక్షన్ మార్చమని రాతపూర్వకంగా ఇవ్వండి. చార్జిషీటులో మార్చకపోయినా తర్వాత కోర్టుకి చార్జ్ మార్చే అధికారం ఉంది, కానీ దానికి రికార్డులో ముక్క ఉండాలి. వాచ్‌మన్‌దీ, ఆయన భార్యదీ స్టేట్‌మెంట్ మేజిస్ట్రేట్ ముందు, బీఎన్‌ఎస్‌ఎస్ 183 కింద, రికార్డు చేయించండి. వాళ్లది శ్రీకాకుళం వైపు అన్నారు. గది కాలిపోయింది, పిల్లలు భయపడ్డారు, జీతం మీద ఆశ కూడా పెద్దగా ఉండదు, ఏ రోజైనా మూట సర్దుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సెక్కేస్తారు. వాళ్లు ఎక్కకముందే ఆ పని చేయించండి, వాళ్ల ఊరి పేరు, అక్కడ ఎవరింట్లో ఉంటారో కూడా రాసి పెట్టుకోండి.